చీటీ రాసిచ్చాకే అసలు పని

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. హాలు దొరికిందనీ, వచ్చే నెలలోనే ఔట్‌రీచ్ సెంటర్ (కష్టంలో ఉన్నవాళ్ళకు సాయం చేసి, దారి చూపించే చోటు) తెరుస్తున్నారనీ చదివి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఏమేం సామాన్లు కొనాలి, ఎంతమంది వాలంటీర్లు సరిపోతారు, మొదటి రోజు ఏ కార్యక్రమం పెట్టాలి అని అడిగావు. అన్నీ రాస్తాను. కానీ నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది, దాంతోనే మొదలుపెడతాను. మన గడప తొక్కి వెళ్ళిన మనిషికి చివరికి పని అయిందో లేదో మనకెలా తెలుస్తుంది?

ఇలాంటి సెంటర్లలో రోజూ జరిగేది చూడు. ఒకావిడ వచ్చి పెన్షన్ ఆగిపోయిందంటుంది. మనవాళ్ళు శ్రద్ధగా వింటారు, "ఫలానా ఆఫీసుకు వెళ్ళండమ్మా" అని చీటీ మీద అడ్రసు రాసిస్తారు, రిజిస్టర్లో "సహాయం అందింది" అని టిక్కు పెడతారు. ఆవిడ పనిమానుకుని అంత దూరం వెళ్తుంది. అక్కడ కౌంటర్లో మనిషి ఉండడు. లేదా ఆ పని వేరే ఆఫీసుకు మారిపోయి ఉంటుంది. లేదా ఒక కాగితం తక్కువైందని కొర్రీ పెడతారు. ఒక రోజు సంపాదన పోయి, చార్జీలు పోయి ఉత్త చేతులతో ఇంటికి చేరుతుంది. మళ్ళీ మన దగ్గరికి రాదు. పక్కింటావిడకు కూడా "అక్కడికెళ్ళి లాభం లేదు" అనే చెబుతుంది. మన రిజిస్టర్లో టిక్కు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే చీటీ రాసిచ్చాకే అసలు పని మొదలవుతుందని నా నమ్మకం.

మరి ఏం చేయాలంటావా? మనిషి ఎదురుగా కూర్చుని ఉండగానే, ఆవిడ అనుమతి అడిగి, అవతలి ఆఫీసుకు మనమే ఫోన్ చేయాలి. నాలుగు సంగతులు కనుక్కోవాలి: ఈ పని ఇంకా అక్కడే చేస్తున్నారా, ఎవరిని కలవాలి, ఏ రోజు ఏ టైముకి రావాలి, ఏయే కాగితాలు తేవాలి. కాగితాల దగ్గర ఆగి మరీ అడుగు. ఒరిజినల్ చూపిస్తే చాలా, జిరాక్స్ ఇవ్వాలా, ఎన్ని కాపీలు, ఫోటో కావాలా, ఎవరైనా సంతకం పెట్టి ధ్రువీకరించాలా. స్పీకర్ ఆన్ చేసి పెడితే ఆవిడకూ అన్నీ వినపడతాయి, మధ్యలో తన సందేహం తనే అడుగుతుంది. ఒక్క నిమిషం ఫోన్ ఆవిడ చేతికిచ్చి మాట్లాడించు. అవతలి గొంతు ఒకసారి విన్నాక అక్కడికి వెళ్ళడానికి సగం భయం తగ్గుతుంది.

తర్వాత చీటీ పెద్ద అక్షరాలతో రాయి. కలవాల్సిన మనిషి, తేదీ, టైము, కాగితాలు, మన సెంటర్ నంబరు. చదవడం రానివాళ్ళకైతే కాగితాలన్నీ ఒక కవర్లో వరసగా పెట్టి, ఒక్కో కాగితం చూపిస్తూ అదేమిటో చెప్పి ఇవ్వు. ఆఖరుగా "అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు. అర్థం కాకపోయినా మొహమాటానికి అందరూ తల ఊపుతారు. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలండీ, రేపు మీరు ఎక్కడికి వెళ్తారు, ఏం తీసుకెళ్తారు, నాకోసారి చెప్పండి" అని అడుగు. చెప్పేటప్పుడు ఎక్కడ తడబడితే అక్కడే మన మాట చేరలేదన్నమాట. ఆ ముక్క మళ్ళీ వేరే మాటల్లో చెప్పాలి.

వెళ్ళాల్సిన రోజుకి మర్నాడు మనమే ఫోన్ చేయాలి. పని మధ్యలో ఉంటే రెండు వారాలకు మళ్ళీ. రిజిస్టర్లో "సహాయం అందింది" అనే గడి కొట్టేసి ఐదు గళ్ళు గీయించు: వెళ్ళలేదు, వెళ్ళారు గానీ తిప్పి పంపారు, అర్జీ తీసుకున్నారు, మంజూరైంది, చేతికి అందింది. ఆఖరి గడి నిండేదాకా ఆ వరస తెరిచి ఉన్నట్టే. "తిప్పి పంపారు" గడిలో కారణం కూడా ఒక ముక్క రాయాలి. నెలాఖరుకి ఆ కారణాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఒకే ఆఫీసు, ఒకే కాగితం పదే పదే కనపడుతుంది. అప్పుడు మనుషుల్ని ఒక్కొక్కరినీ పంపడం మాని, ఆ జాబితా పట్టుకుని పైఅధికారిని నేరుగా కలవొచ్చు. ఒకరి గోడు వింటే "చూద్దాం" అంటారు. తేదీలతో సహా పాతిక కేసులు ముందు పెడితే సమాధానం చెప్పక తప్పదు.

తిప్పి పంపడానికి పెద్ద కారణాల్లో ఒకటి ఏమిటో తెలుసా? పేరు, పుట్టిన తేదీ ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉండటం. ఇంటిపేరు ముందుండటం, వెనకుండటం, పెళ్ళయ్యాక మారడం, ఒక అక్షరం ఎక్కువుండటం. అందుకే ఏ అర్జీ నింపేముందైనా ఉన్న గుర్తింపు కాగితాలన్నీ బల్ల మీద పక్కపక్కన పరిచి, పేరు అక్షరం అక్షరం పోల్చి చూడమని నీ వాళ్ళకు నేర్పు. పది నిమిషాల పని. తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించాకే అర్జీ. ఆన్‌లైన్లో నింపితే రసీదు నంబరు ప్రింటు తీసి ఆ మనిషికే ఇవ్వాలి, మన దగ్గర ఒక కాపీ ఉంచాలి. ఎవరి పాస్‌వర్డూ మన పుస్తకాల్లో రాసుకోకూడదు. పని కాగానే లాగవుట్ అయ్యారా లేదా అని ఆ మనిషి కళ్ళముందే చూపించాలి.

కొందరు ఒంటరిగా వెళ్ళలేరు. వయసు మళ్ళినవాళ్ళు, చదువు రానివాళ్ళు, ఒకసారి అక్కడ చీదరింపు తిని వచ్చినవాళ్ళు. వాళ్ళకు తోడు వెళ్ళడానికే ఇద్దరు వాలంటీర్లను కేటాయించు. తోడు వెళ్ళినవాళ్ళు అక్కడ ఆ మనిషి బదులు మాట్లాడేయకూడదు. పక్కన నిలబడాలి, అవతలివాళ్ళు ఏమన్నారో రాసుకోవాలి, మాట తప్పిపోయినచోట మాత్రం అందించాలి. రెండోసారి ఆ మనిషి తనంతట తను వెళ్ళగలగాలి.

పని అయిందో లేదో మనమే మళ్ళీ కనుక్కోవాలి అన్నాను గదా, అలా వెనక్కెళ్ళి చూసుకోవడాన్ని పట్టుదలగా చేసి చూపించినవాళ్ళు బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థవాళ్ళు. విరేచనాలతో పిల్లలు చనిపోకుండా ఇంట్లోనే ఉప్పు, బెల్లం, నీళ్ళు కలిపి తాగించే పద్ధతిని 1980 నుంచి 1990 దాకా ఇల్లిల్లూ తిరిగి తల్లులకు నేర్పారు. 1.2 కోట్లకు పైగా ఇళ్ళకు వెళ్ళారు. అంతకన్నా నన్ను కట్టిపడేసింది వాళ్ళ జీతం లెక్క. ఎన్ని ఇళ్ళు తిరిగారని కాకుండా, తల్లులకు ఎంత గుర్తుందో చూసి డబ్బిచ్చేవాళ్ళు. నేర్పిన కొన్నాళ్ళకు వేరే మనుషులు కొన్ని ఇళ్ళు ఎంచుకుని వెళ్ళి, తల్లిని ప్రశ్నలడిగి, ఆవిడ చేతే కలిపించి చూసేవాళ్ళు. అయినా మొదట్లో ఒక చిక్కు వచ్చింది. తల్లులు పాఠం అప్పజెబుతున్నారు గానీ పిల్లాడికి జబ్బు చేసినప్పుడు వాడటం లేదు. ఆరా తీస్తే, నేర్పేవాళ్ళకే ఆ నీళ్ళ మీద నమ్మకం లేదని తేలింది. ఇంట్లో మగవాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదనీ, వాళ్ళు అడ్డుపడుతున్నారనీ కూడా తెలిసింది. నేర్పేవాళ్ళకు మళ్ళీ శిక్షణ ఇచ్చి, మగవాళ్ళతో విడిగా మాట్లాడటం మొదలుపెట్టాకే వాడకం పెరిగింది. మన పనికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనపడలేదు. వెనక్కెళ్ళి చూడకపోతే ఆ రెండు కారణాలూ బయటపడేవే కావు.

ఇక ఫారం సంగతి. వచ్చిన మనిషి మొదట చూసేది దాన్నే, అది ఒక్క పేజీ దాటకూడదు. ప్రతి గడి దగ్గరా "ఇది ఎవరు, ఎప్పుడు వాడతారు?" అని అడుగు. జవాబు లేకపోతే కొట్టేయి. పేరు, ఎలా పిలవమంటారు, ఇంట్లో ఎంతమంది, ఏ భాషలో మాట్లాడితే సుఖం, ఈ రోజు దేనికోసం వచ్చారు, వివరాలు ఎవరితో పంచుకోవచ్చో చెప్పే అనుమతి సంతకం. ఇవి చాలు. కులమతాలూ ఆదాయమూ ఏదైనా పథకం అర్జీకి తప్పనిసరైతేనే, అదీ ఎందుకో చెప్పాకే అడగాలి. ఫోన్ నంబరు గడి పక్కన మాత్రం ఇంకో ప్రశ్న తప్పకుండా పెట్టు: "ఈ నంబరుకు మేం ఫోన్ చేయొచ్చా? వేరేవాళ్ళు తీస్తే ఏమని చెప్పమంటారు?" ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషికి మన సెంటర్ పేరుతో ఒక మెసేజ్ వెళ్తే ఆ రాత్రి ఏమవుతుందో ఊహించు. నిండిన ఫారాలు బల్ల మీద వదిలేయడం, పేర్లు గట్టిగా పిలవడం, ఇవి చిన్న పొరపాట్లలా కనపడతాయి గానీ మనుషులు ముఖం చాటేసేది వీటివల్లే. సాయం తీసుకునేటప్పుడు ఫోటోలు తీయడం అసలే వద్దు. దాతలకు చూపించాలంటే ఐదు గళ్ళ లెక్క చూపించు.

హాలు ఫోటో పంపావు గదా, మూడు చోట్ల పని ఉంది. ముందు మెట్లు. ర్యాంపు కట్టించు, ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు లెక్కన. అంతకంటే నిటారుగా ఉంటే చక్రాల కుర్చీ తనంతట తను ఎక్కలేదు, దిగేటప్పుడు జారుతుంది. రెండోది, తలుపు. పూర్తిగా తెరిచాక 80 సెంటీమీటర్లకు పైగా ఖాళీ ఉండాలి. మూడోది, మాట బయటికి పోని ఒక మూల. విడి గది లేకపోతే బీరువా అడ్డం పెట్టి, బల్లకు ఎదురెదురుగా కాకుండా మూల కలిసేలా రెండు కుర్చీలు వెయ్యి. వచ్చిన మనిషి కుర్చీ తలుపు వైపు ఉండాలి, ఎప్పుడంటే అప్పుడు లేచి వెళ్ళగలిగేలా. ఎదురుచూసేవాళ్ళ బెంచీ అక్కడికి దూరంగా వేయించు. ఇవన్నీ అయ్యాక నువ్వు ఆ కుర్చీలో కూర్చుని, బెంచీ మీద ఒకరిని కూర్చోబెట్టి మామూలు గొంతుతో మాట్లాడి చూడు. వాళ్ళకు వినపడితే బల్ల జరపాలి.

మొదటి రోజు బీపీ క్యాంపు పెడదామనుకుంటున్నానన్నావు. పెట్టు, మంచిదే. కానీ క్యాంపుల్లో బీపీ చూసే తీరు చూస్తే బాధేస్తుంది. మనిషి నడిచొచ్చి కూర్చోగానే, చొక్కా చేతి మీదే కఫ్ (గాలి నింపే పట్టీ) చుట్టి, ఊరూ పేరూ అడుగుతూ నొక్కేస్తారు. ఆ అంకెకు విలువ లేదు. ముందు మూత్రానికి వెళ్ళి రమ్మనాలి. అరగంటలోపు కాఫీ గానీ సిగరెట్ గానీ తాగి ఉంటే ఆగమనాలి. వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వాలి. కఫ్ ఒంటి మీదే చుట్టాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనాలి. చూస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు, మాట్లాడితే రీడింగు పెరుగుతుంది. లావు చేతికి చిన్న కఫ్ చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి రెండు సైజుల కఫ్‌లు కొను. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడాలి, రెండూ రాయాలి. 180/120 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఐదు నిమిషాలాగి మళ్ళీ చూడు. దాంతోపాటు గుండెనొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం, ఒక పక్క చెయ్యి లాగేయడం లాంటివి ఏవి ఉన్నా ఐదు నిమిషాలు కూడా ఆగకుండా ఆసుపత్రికి పంపాలి. మామూలుగా కొంచెం ఎక్కువున్నవాళ్ళకు "మీకు బీపీ ఉంది" అని చెప్పకూడదు. ఒక్కరోజు చూసి తేల్చేది కాదది, వేరే రోజుల్లో మళ్ళీ చూడాలి. మళ్ళీ చూసే తేదీ రాసిచ్చి, ఆ తేదీకి రాకపోతే మనం ఫోన్ చేయాలి. ఆ ఏర్పాటు లేకపోతే క్యాంపు పెట్టొద్దు. ఒక మనిషికి భయం పుట్టించి ఇంటికి పంపడం తప్ప మనం చేసిందేమీ ఉండదు.

ఇంకో చిన్న పరికరం గురించి కూడా చెప్పాలి, పిల్లల జబ్బ చుట్టుకొలత చూసే టేపు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లలకు వాడతారు. ఎడమ మోచేయి మడిచి, భుజం కొనకూ మోచేతి కొనకూ సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి, చెయ్యి చాపి వదులుగా వేలాడేలా వదిలాక అక్కడ చుట్టాలి. 115 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే తీవ్రమైన పోషకాహార లోపం, అదే రోజు వైద్యానికి పంపాలి. 115 నుంచి 125 లోపు అయితే మధ్యస్థం. టేపు బిగించి లాగితే ఒంట్లో బాగున్న పిల్లాడు కూడా తక్కువ చూపిస్తాడు, వదులుగా పెడితే చిక్కిపోయిన పిల్లాడు తప్పిపోతాడు. చర్మానికి తగలాలి, నొక్కుకోకూడదు. ఇద్దరు వాలంటీర్ల చేత ఒకే పిల్లాడికి విడివిడిగా కొలిపించి అంకెలు పోల్చు. తేడా ఐదు మిల్లీమీటర్లు దాటితే ఇద్దరికీ మళ్ళీ నేర్పాలి.

టైములు. పది నుంచి ఐదు దాకా తెరుస్తానన్నావు. ఆ టైములో రాగలిగేది పని లేనివాళ్ళే. వారంలో రెండు రోజులు సాయంత్రం ఎనిమిది దాకా, ఒక సెలవు రోజు సగం పూట తెరిచి, ఆ మేరకు పొద్దున్న మూసెయ్. బయటికి వెళ్ళి చేసే పనికైతే ప్రతిసారీ అదే చోటు, వారంలో అదే రోజు, అదే గంట. వాన పడినా, ఒక్కరే వచ్చినా మారకూడదు. వరసగా రెండుసార్లు మనం కనపడకపోతే మూడోసారి వాళ్ళు కనపడరు. ఇళ్ళకు వెళ్ళేటప్పుడు ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, ఎక్కడికెళ్తున్నారో ఎప్పటికి తిరిగొస్తారో సెంటర్లో రాసి వెళ్ళాలి, తిరిగొచ్చాక సంతకం పెట్టాలి. తలుపు తట్టి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడాలి. చేయలేని సాయం ఏదీ గుమ్మం దగ్గర మాటివ్వకూడదు.

ఏ పనులు మొదలుపెట్టాలో ముందే తీర్మానించుకోవద్దని కూడా నా మనవి. ఈ తరహా సెంటర్లకు పాదు వేసింది 1884లో లండన్‌లో పెట్టిన టాయిన్‌బీ హాల్ అనుకోవచ్చు. అది చూసి వచ్చిన అమెరికా సంఘసేవకురాలు జేన్ ఆడమ్స్, తన స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి 1889లో షికాగోలో హల్ హౌస్ అనే అలాంటి సెంటరే తెరిచింది. చుట్టుపక్కల తల్లులు పనికి పోతే పసిపిల్లల్ని చూసే దిక్కు లేదని గమనించి త్వరలోనే కిండర్‌గార్టెన్ పెట్టారు. వీధుల్లో చెత్త కుళ్ళి రోగాలొస్తుంటే ఆడమ్స్ ఫిర్యాదులతో ఊరుకోలేదు, 1895లో ఆ వార్డు చెత్త తనిఖీ అధికారి ఉద్యోగమే తీసుకుంది. తెల్లవారి ఆరింటికే లేచి చెత్తబండ్ల వెంట తిరిగి, చెత్త నిజంగా ఎత్తుతున్నారా, చేరాల్సిన చోటికి చేరుతోందా అని కళ్ళారా చూసింది. ఆవిడకు 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, కానీ నాకు ఆ చెత్తబండి వెంట నడిచిన మనిషే ఎక్కువ ఇష్టం. నువ్వూ మొదటి నెల ఒక యాభై ఇళ్ళకు వెళ్ళు. "మీకేం కావాలి?" అంటే అందరూ ఏదో ఒకటి చెబుతారు. "పోయిన నెలలో ఏ పని కోసం ఎక్కువసార్లు తిరగాల్సొచ్చింది? చివరికి ఎవరు సాయం చేశారు?" అని అడుగు. రెండో ప్రశ్నకు జవాబుగా మూడు నాలుగు పేర్లు మళ్ళీ మళ్ళీ వినపడతాయి. వాళ్ళే నీ మొదటి వాలంటీర్లు.

పంచడానికి ఉంచే తిండి సరుకుల అర గురించి ఎక్కువ రాయను. నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున, గోడకు ఆనకుండా ఉండాలి. కొత్తగా వచ్చినవి వెనక, పాతవి ముందు. ఫ్రిజ్ 5 డిగ్రీల సెల్సియస్‌లోపు ఉందో లేదో రోజుకు రెండుసార్లు చూసి రాయాలి. వండినది బయట రెండు గంటలు దాటితే పంచకూడదు. వీలైతే కట్టిన సంచీలు చేతికివ్వకుండా ఎవరికి కావాల్సినవి వాళ్ళనే ఎంచుకోనివ్వు. వాడనివి పారేయడం తగ్గుతుంది, తీసుకునే మనిషి తల ఎత్తుకుని వెళ్తాడు.

వాలంటీర్లు ఎంతమంది అన్నావు గదా. తోడు వెళ్ళేవాళ్ళు కాక, ఒక పూటకు నలుగురుంటే నడుస్తుంది: గుమ్మం దగ్గర పలకరించడానికి ఒకరు, బల్ల దగ్గర ఇద్దరు, ఫోన్లు చేసి వెనక్కి కనుక్కోవడానికి ఒకరు. జనం ఎక్కువైన రోజు అందరూ మొదట లాగేసేది ఆ ఫోన్ల మనిషినే. లాగనివ్వకు. కొత్తగా వచ్చినవాళ్ళు రెండు పూటలు పక్కన కూర్చుని చూడాలి, మూడో పూట వాళ్ళు చేస్తుంటే పాతవాళ్ళు పక్కన కూర్చోవాలి. సొంత నంబరు ఇవ్వకూడదు, సొంత డబ్బు ఇవ్వకూడదు, చిన్నపిల్లలతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. జాలితో సొంత డబ్బిచ్చినవాళ్ళు మూడు నెలల్లో అలసిపోయి మానేస్తారు, వాళ్ళ మీదే ఆధారపడ్డ మనిషి మళ్ళీ మొదటికొస్తాడు. పూట అయిపోయాక పది నిమిషాలు అందరూ కూర్చుని మనసులో బరువున్నది చెప్పుకుని వెళ్ళాలి. రోజంతా ఇతరుల కష్టం విన్నవాళ్ళు అది మోసుకుని ఇంటికెళ్ళకూడదు.

ఆఫీసులు, ఆసుపత్రులు, న్యాయసహాయం ఇచ్చేవాళ్ళు, షెల్టర్లు, వీటన్నిటి నంబర్ల పుస్తకం ఇప్పుడే మొదలుపెట్టు. ప్రతి నంబరు పక్కన చివరగా ఏ తేదీన ఫోన్ చేసి సరిచూశారో రాయించు. మూడు నెలలు దాటిన నంబరు ఎవరికీ రాసివ్వకూడదని నియమం పెట్టు.

ఫారం డ్రాఫ్టు, రిజిస్టరు గళ్ళు గీశాక నాకు పంపు, చూసి రాస్తాను. బల్ల ఎక్కడ వేశావో కూడా ఫోటో తీసి పంపు. ర్యాంపు కట్టేముందు మెట్ల ఎత్తు మాత్రం ఒకటికి రెండుసార్లు కొలిపించు.

ఇట్లు
నీ మిత్రుడు